మూకచిత్ర రచయిత్రి ఫాత్మా బేగము

మూకచిత్రమునకు రచయిత యెవరను ప్రశ్న మన సాహిత్యచరిత్రలలో అరుదు. మాటలేనిచోట రచన యేమున్నదని తలచుట సహజమే. చిక్కడపల్లి సినిమాహాళ్ల ముందుగా నడచి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవు అశోక్ నగర్ విద్యార్థికి సైతము ఆ రెండింటి నడుమ సంబంధము తోచదు. ఫాత్మా బేగము వృత్తాంతము ఈ తలపును సవరించునని మా అభిప్రాయము.

ఆమె 1892లో జన్మించి ఉర్దూ నాటకరంగమున నటిగా తీరినది. 1922లో అర్దేషిర్ ఇరానీ నిర్మించిన 'వీర్ అభిమన్యు'తో చిత్రసీమను ప్రవేశించెను. ఆనాడు స్త్రీపాత్రలను తరచుగా పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావు గారి సత్యభామ తెనుగువారికి చాలిన నిదర్శనము. 1926లో ఫాత్మా ఫిల్మ్స్ సంస్థను నెలకొల్పి, ఆ యేడే 'బుల్బుల్-ఎ-పరిస్తాన్'కు దర్శకత్వము వహించెను. భారతదేశమున తొలి చిత్రదర్శకురాలిగా ఆమెను చెప్పుదురు. నటి, నిర్మాత, దర్శకురాలు అనుటతో పలువురు ఆగుదురు. రచయిత్రి యనుట మరతురు.

మూకచిత్ర కథాసంవిధానము నాటకమునుండి సంభాషణము తీసివేయగా మిగులునది కాదు. రంగస్థలమున నాయిక యలుకను పద్యము చెప్పును; చిత్రమున చూపు, విరామము, దృశ్యముల వరుస చెప్పవలయును. మాట తప్పనిసరియైనపుడు అక్షరఫలకము తెరపై నిలుచును. దానిపై రెండుమూడు లిపులుండుట వాడుక. చదువురాని ప్రేక్షకులకై వ్యాఖ్యాత బిగ్గరగా వినిపించుటయు కలదు. కనుక ఆ వాక్యము కంటికిని చెవికిని తగియుండవలెను, భాష మారినను చెడరాదు. ప్రేక్షకుడెచ్చట మాటకై చెవియొగ్గునో రంగస్థలమున నేర్చిన నటికి ఈ నిర్బంధము భారమై యుండదని తోచును.

'బుల్బుల్-ఎ-పరిస్తాన్' ప్రతి యేదియు నేడు లభ్యము కాదు. మాయాదృశ్యములతో కూడిన అద్భుతకథ యని మాత్రము తెలియుచున్నది. కావున ఆమె శిల్పమును గూర్చి తీర్పు చెప్పుట సాహసము. అయినను పేరుమాత్రము మిగిలిన కావ్యములను మన చరిత్రలలో చేర్చుకొనుచునే యున్నాము గదా! తాటాకునకు ఒక న్యాయము, ఫిల్మునకు వేరొకటియా?

హైదరాబాదుకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1922లో ధీరేంద్రనాథ గంగూలీ ఇచ్చట లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి, 1924లో 'రజియా బేగం' ప్రదర్శనచే నిజాము ఆగ్రహమునకు గురియై నగరము విడిచెను. నారాయణగూడలోని మాడపాటివారి బాలికల పాఠశాల వెలసిన 1928లోనే ఫాత్మా సంస్థ విక్టోరియా-ఫాత్మా ఫిల్మ్స్ అయ్యెను. ఆమె కుమార్తె, 1931 నాటి 'ఆలం ఆరా' నాయిక జుబేదా, హైదరాబాదు ధనరాజ్‌గీర్ వంశపు కోడలు. 1938 నాటి 'దునియా క్యా హై'తో ఫాత్మా చిత్రసీమను వీడెను, 1983లో మరణించెను.