లోపలి కంప్యూటర్‌కి ఇంకా శుక్రవారమే!

ల్యాప్‌టాప్ మూత తెరిస్తే సోమవారం ఉదయం పది గంటలు. అదే ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న రెండో కంప్యూటర్‌ని అడిగితే మాత్రం శుక్రవారం సాయంత్రం ఆరు! ఎందుకిలా? సరిచేసేదెలా?

భాగవతంలో కకుద్మి అనే రాజు కథ ఉంది. రైవతుడనీ అంటారు. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ సంగీతం జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. తీరా తన మనసులో ఉన్న సంబంధాల గురించి చెప్పబోతే బ్రహ్మ నవ్వేస్తాడు. ఆ కాసేపట్లోనే భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయట. ఆయన అనుకున్న పెళ్లికొడుకులే కాదు, వాళ్ల వంశాలు కూడా మిగల్లేదు!

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనూ ఇలాంటి కకుద్మి ఒకడు ఉండే ఉంటాడు. వాడి పేరు వర్చువల్ మెషీన్.

బయట విండోస్ నడుస్తుంటుంది. దాని లోపల ఓ చిన్న కిటికీలో లైనక్స్ నడుస్తుంటుంది. తనకు సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత గడియారం ఉన్నాయని లైనక్స్ నమ్మకం. నిజానికి అవన్నీ వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, హైపర్-వి లాంటి సాఫ్ట్‌వేర్లు చూపించే మాయ. బయటిదాన్ని హోస్ట్ అనీ లోపలిదాన్ని గెస్ట్ అనీ అంటారు. ఇంటాయన నిద్రపోతే అతిథికి చెప్పే నాథుడు ఉండడు... చిక్కంతా అక్కడే!

రెండు గడియారాలు

కంప్యూటర్‌లో గడియారం ఒకటి కాదు, రెండు. మొదటిది మదర్‌బోర్డు మీద ఉండే క్వార్ట్జ్ స్ఫటికం. చేతి గడియారంలో ఉండేదీ ఇలాంటిదే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను వరసగా 15 సార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది, అంటే ఒక సెకను. చిన్న బ్యాటరీ ఉంటే చాలు, కరెంటు లేకపోయినా ఇది నడుస్తూనే ఉంటుంది.

రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ సొంత లెక్క. మెషీన్ ఆన్ కాగానే స్ఫటికం వైపు ఒకసారి చూసి, అక్కణ్నుంచి ప్రాసెసర్‌లోని కౌంటర్ సాయంతో తనే లెక్కపెట్టుకుంటుంది. మూత మూస్తే ఈ లెక్క ఆగిపోతుంది. తెరవగానే విండోస్ మళ్లీ స్ఫటికాన్ని చూసి 'ఓహో, సోమవారం వచ్చేసిందే' అని సర్దుకుంటుంది. లోపలి లైనక్స్‌కి ఆ అవకాశం లేదు. ఎందుకంటే తను నిద్రపోయినట్టే దానికి తెలీదు. మత్తుమందు ఇచ్చిన పేషెంటులా, ఆగిన చోటి నుంచే మళ్లీ అంకెలు మొదలుపెడుతుంది. (అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఇలా జరగదు. కొన్ని లేవగానే గెస్ట్‌కి సరైన టైం అందిస్తాయి. కానీ ఆ ఏర్పాటు సరిగా లేనిచోటే తిప్పలు.)

టైం తప్పయితే కొంప మునిగిందా అంటారా? మునుగుతుంది. ఆరు అంకెల కోడ్ ఇచ్చే ఆప్‌లు సాధారణంగా 30 సెకన్లకోసారి కోడ్ మారుస్తాయి. టైం కలవకపోతే కోడూ కలవదు. శనివారం జారీ అయిన సెక్యూరిటీ సర్టిఫికెట్‌ని శుక్రవారంలో ఉన్న మెషీన్ 'ఇది ఇంకా చెల్లదు' పొమ్మంటుంది. కంపెనీల లాగిన్లలో వాడే కెర్బరాస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. అమెజాన్ క్లౌడ్‌లోని ఎస్3 అయితే 15 నిమిషాల దాకా. అసలు బాధేమిటంటే, వీటిలో చాలావరకు తప్పు గడియారానిదని చెప్పవు. పాస్‌వర్డ్ తప్పనో అనుమతి లేదనో అంటాయి. మనవాడు పాపం పూటంతా పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చుంటాడు!

ముందు 'డేట్' కొట్టండి

కాబట్టి మొదట చేయాల్సింది లోపల 'డేట్' అని కొట్టి, బయటి గడియారంతో పోల్చడం. తేడా సరిగ్గా అయిదున్నర గంటలే ఉంటే కంగారుపడక్కర్లేదు. అది నిద్ర దోషం కాదు, లోపల భారత కాలమానం పెట్టలేదంతే. ఇంకే తేడా ఉన్నా మన కేసే.

ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చే ఎన్‌టీపీ ఉందిగా అనొచ్చు. ఉంది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ రూపకల్పన అది. 1985 నుంచి ప్రపంచ కంప్యూటర్లకు టైం చెబుతోంది. పుట్టుకతోనే గ్లకోమా ఉన్న ఆ పెద్దాయన 2024 జనవరిలో కన్నుమూశారు. అయితే ఆ పద్ధతికి జాగ్రత్త ఎక్కువ. చిన్న తేడాలను గడియారం కాస్త వేగంగా నడిపి సర్దుతుంది... గరిష్ఠంగా 2000 సెకన్లకు ఒక్క సెకను. ఆ నడకతో మన 64 గంటల తేడా తీరాలంటే పద్నాలుగేళ్లు దాటుతుంది, రాముడి వనవాసం కన్నా ఎక్కువ! అందుకే తేడా కాస్త పెద్దదైతే ఒక్క గెంతు గెంతిస్తుంది. అదీ 1000 సెకన్లు మించితే పాతకాలపు ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ 'ఇదేదో తేడాగా ఉంది' అనుకుని ఏకంగా తప్పుకుంటుంది.

ఇప్పుడు చాలా లైనక్స్‌లలో ఉండే క్రోనీకీ ఇలాంటి మొహమాటమే. దాని సెట్టింగుల ఫైల్లో సాధారణంగా 'మేక్‌స్టెప్ 1 3' అని ఉంటుంది. మొదలైన కొత్తలో మూడుసార్లే గెంతనిస్తుందని అర్థం. నిద్రలేచేసరికి ఆ మూడూ ఎప్పుడో అయిపోయి ఉంటాయి. చివరి 3 తీసేసి మైనస్ 1 పెడితే, తేడా సెకను దాటిన ప్రతిసారీ గెంతుతుంది. తరచూ నిద్రపోయే వర్చువల్ మెషీన్లకు ఇదే మేలు. డేటాబేస్ సర్వర్ల మీద మాత్రం ఆలోచించకుండా పెట్టకండి. అక్కడ టైం వెనక్కి గెంతితే లావాదేవీల వరస తారుమారవుతుంది. అప్పటికప్పుడు పని జరగాలంటే అడ్మిన్ హక్కులతో 'క్రోనీసీ మేక్‌స్టెప్' కొడితే సరి. విండోస్‌లోని డబ్ల్యూఎస్ఎల్-2లో టైం వెనకబడితే 'హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్' చాలామందికి చేతికందిన మందు.

వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ వేసుకుంటే హోస్ట్ టైం దానంతటదే లోపలికి వస్తుంది. ఇందులో ఓ తమాషా ఉంది. తేడా 20 నిమిషాలు దాటితేనే వెంటనే గెంతిస్తుంది. తక్కువైతే మెల్లగా జరుపుతుంది. అంటే శని, ఆదివారాల నిద్ర కన్నా పావుగంట టీ విరామమే ఎక్కువసేపు సతాయిస్తుంది! ఆ హద్దును పది సెకన్లకు తగ్గించుకునే సెట్టింగు ఉంది. వీఎంవేర్‌లో టూల్స్, హైపర్-విలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ ఇదే పని చేస్తాయి. కానీ ఒకేసారి ఇటు హోస్టూ అటు ఎన్‌టీపీ టైం దిద్దుతుంటే ఒకే స్టీరింగ్‌ని ఇద్దరు తిప్పినట్టే. ఒకరినే ఉంచండి.

ఆఫీసు సర్వర్ల సంగతి మరీ ముఖ్యం. ఏదైనా సైబర్ దాడి జరిగితే ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చేది లాగ్ ఫైళ్లలోని టైమే. అందుకే 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో గడియారాల ప్రస్తావనా ఉంది. ఎన్ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల టైం సర్వర్లతో, లేదంటే వాటితో సరిపోలే వాటితో కంపెనీలు తమ గడియారాలను కలపాలంది.

అన్నీ సరిచేశాక ఓ పరీక్ష. మూత మూసి పది నిమిషాలు అటూఇటూ తిరిగి రండి. తెరిచి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ 'డేట్' కొట్టండి. తర్వాత అరగంట మూసి చూడండి. రెండుసార్లూ బయటి టైంతో కలిస్తే ఇక మూసేయొచ్చు. కలవకపోతే లోపల ఇంకో టైం సర్వీసు నడుస్తోందేమో వెతకాలి.