చెరువు మనది, చేప ఎవరిది?

ఉగాది వెళ్లి పది రోజులైంది. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న చెరువు కట్ట మీదికి మేము చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. వంద ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న ఊరి చెరువు అది. వానాకాలంలో అలుగు దుంకిన నీళ్లు ఇప్పుడు తూము ముందర మడుగుగా మిగిలాయి. చుట్టూ శికం నెర్రెలు బారింది. ఇరవై మంది దాకా మనుషులు మోకాటి బురదలో దిగి లాగుడు వల పరుస్తున్నారు. నడుమ లోతు నీళ్లలో ఇద్దరు థర్మాకోల్ తెప్ప మీద కూర్చొని, చేతులే తెడ్లుగా వల అంచును తోసుకొస్తున్నారు.

"సప్పుడు చెయ్యకుండ్రి. చేప నోరు తెరిచింది," అన్నాడు కట్ట మీద కూర్చున్న పెద్దమనిషి.

చూస్తే నిజమే. నీటి మీద వందల నోళ్లు. పొద్దంతా నీటిలోని నాచు, మొక్కలు ఎండ సాయంతో ప్రాణవాయువును వదులుతాయి. రాత్రయితే అవే దాన్ని పీల్చుకుంటాయి. నీళ్లు తక్కువై, వేడెక్కి, చేపలు కిక్కిరిసిన ఈ రోజుల్లో తెల్లవారుజాముకు గాలి చాలక చేప పైకి వస్తుంది. పుస్తకంలో ఉన్న ఈ సంగతి ఆ పెద్దమనిషికి పుస్తకం లేకుండానే తెలుసు. "ఇంకో పది రోజులు ఆగితే ఒక్కరాత్రిల తెల్లగ తేలుతయి తమ్మీ. అందుకే ఇప్పుడు పట్టాలె" అన్నాడు.

ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా మన పల్లెల్లో చేపల కాలం. యాసంగి వరికి నీళ్లు పారుతున్నకొద్దీ చెరువు తగ్గుతుంది, చేప ఒకచోటికి చేరుతుంది. వ్యవసాయ కూలీకి ఇది పని దొరకని కాలం కూడా. నాట్లు ఎప్పుడో అయిపోయాయి. కోత వచ్చేసరికి మిషను వస్తుంది. ఈ నడుమ రోజుల్లో చెరువు పట్టే పని ఉంటే నాలుగిళ్లల్లో పొయ్యి వెలుగుతుంది. కాబట్టి చెరువు చేపల సంగతి ఒక్క మత్స్యకారులదే అనుకోవడం పొరపాటు. అది ఊరి కష్టజీవులందరి సంగతి.

వల ఒడ్డుకు వచ్చింది. పైనీటిలో మేసే బొచ్చె, నడిమి నీటిలో తిరిగే రవ్వ, అడుగు బురదను వెతుక్కునే మ్రిగాల. ఈ మూడింటినీ కలిపి వదలడంలో ఒక లెక్క ఉంది. ఒకదాని తిండికి ఒకటి అడ్డం రాకుండా చెరువంతా పంటకు వస్తుంది. అయితే ఈ మూడూ చెరువులో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే నది నీళ్లు కావాలి వాటికి. అందుకే ఏటా పిల్లలను బయటి నుంచి తెచ్చి వదలాల్సి వస్తుంది. ఒకప్పుడు నదుల్లో పట్టిన పిల్లలే దిక్కు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో సూది మందుతో ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించాడు. ఇవాళ దేశంలో చెరువు చెరువుకూ పిల్ల చేరుతున్నదంటే ఆ పనే పునాది. ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు.

తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని సర్కారు లెక్క. 2015లో మిషన్ కాకతీయ పేరుతో వాటి పూడిక తీయడం మొదలైంది. 2016-17లో చేపపిల్లలను పూర్తి సర్కారు ఖర్చుతో చెరువుల్లో వదిలే పథకం మొదలైంది. వేసవికి ఎండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడుగునా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల అని కొలత పెట్టారు. మంచి పనే. కాదనం. కానీ పిల్ల ఇచ్చామా లేదా అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఎప్పుడిచ్చారు, ఏ సైజు ఇచ్చారు, ఎవరు లెక్కబెట్టారు? ఇవీ ప్రశ్నలే.

లెక్క చూడండి. శ్రావణంలో, అంటే ఆగస్టులో వదిలిన పిల్ల ఏప్రిల్‌కు ఎనిమిది నెలలు మేస్తుంది. డిసెంబరులో వదిలిన పిల్లకు దొరికేది నాలుగు నెలలు. అందులోనూ చలి రోజుల్లో చేప సరిగా మేయదు, పెరగదు. చెరువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు, వైశాఖానికి ఎండుతుంది. వరి నాటు నెల ఆలస్యమైతే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర లేదు. చేపకూ అంతే. ఈ చెరువులోనూ ఒక ఏడు పిల్ల ఆలస్యంగా వచ్చిందట. "అరచెయ్యంత గూడ కాలె. పట్టబుద్ధి గాలె, ఇడిసిపెడితే ఎండకు సచ్చె" అని ఒక యువకుడు చెప్పాడు.

ఇక పిల్ల బాగానే వచ్చి, చేప బాగానే పెరిగిందనుకుందాం. అప్పుడు ఆ చేప ఎవరిది?

కాగితం మీద చెరువు చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది. రుసుము కట్టి లీజుకు తీసుకునేది సంఘమే. వాస్తవంలో చాలాచోట్ల వల పడేనాటికే చేప అమ్ముడైపోయి ఉంటుంది. వల కొనడానికి పైసలు లేవు, బ్యాంకు అప్పు పుట్టదు. పట్నం వ్యాపారి వచ్చి ముందుగా సొమ్మిస్తాడు. వల తనదే, బండి తనదే, ఐసు తనదే, కాంటా కూడా తనదే. అన్నీ తనవైనాక ధర చెప్పేది సంఘమెట్లా అవుతుంది? పైగా తడి అనీ, బురద అనీ తరుగు తీస్తాడు. నూటికి పది కిలోలు తరుగు పోతే ఇరవై మంది కూలీల్లో ఇద్దరు ఊరికే పనిచేసినట్టే.

ఈ ఎండల్లో చేప గంటల్లో చెడుతుంది. కిలో చేపకు కిలో ఐసు పడాలి. ఐసు లేనివాడు బేరం ఆడలేడు. దళారీ బలమంతా అక్కడే ఉంది. వెనకట బోయీలు దొరల మేనాలు మోశారు. "పెద్ద చేప గడీకి వోవాలె. తోక ముక్క మనకు దక్కితే గొప్ప" అని మా తాత చెప్పేటోడని కట్ట మీది పెద్దమనిషి అన్నాడు. గడీ పోయింది. గడీ ఉన్న చోటికి కాంటా వచ్చింది.

ఈ ఊరి సంఘం ఈసారి ఒక చిన్న పని చేసింది. సభ్యులు చిట్టీ వేసుకొని సొంత కాంటా కొన్నారు, ముందు రోజు రాత్రే ఐసు తెప్పించారు. పొద్దెక్కేసరికి వ్యాపారి బండి వచ్చింది. తన కాంటా మీద ఒక గంప తూచాడు. సంఘం కార్యదర్శి ఆ గంపనే తమ కాంటా మీద పెట్టించాడు. కిలోన్నర తేడా! కట్ట మీద ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వ్యాపారే, "సరే, మీ కాంటాతోనే కానియ్యండి" అన్నాడు. సగం చేప ఆయనకు వెళ్లింది. మిగతా సగం కట్ట మీదే చుట్టుపక్కల ఊళ్ల జనం కొనుక్కుపోయారు. ఆడవాళ్లు గంపలకెత్తుకొని సంతకు నడిచారు. విప్లవం కాదిది, ఒక కాంటా. కానీ ఎన్నేండ్లుగా ఎంత పోయిందో ఆ రోజు అందరి కండ్లకూ కనబడింది.

అయితే అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. రెండు సంగతులు మమ్మల్ని కలతపెట్టాయి.

మొదటిది నీళ్ల తగాదా. వరి పాలు పోసుకుంటున్నది, ఇంకా రెండు తడులు కావాలని ఆయకట్టు రైతులు. తూము ఇంకా తీస్తే చేప చస్తుందని సంఘం వాళ్లు. రెండూ న్యాయమే. ఇద్దరూ గరీబులే. పంచాయతీ దగ్గర కూర్చొని తూము కాడ ఒక గుర్తు పెట్టుకున్నారు. గుర్తు దాకా నీళ్లు వరికి, వంతుల ప్రకారం నీరటి పారించాలి. గుర్తు దిగితే తూము మూత. కొట్లాట ఆగింది. కానీ ఆయకట్టు చివరి మడి ఒక కౌలు రైతుది. ఆయన వంతు వచ్చేసరికి నీళ్లు గుర్తుకు దిగాయి. "ఒప్పందం మంచిదే అన్నా. నా మడి ఎండింది" అన్నాడాయన. ఆయనకు జవాబు ఎవరూ చెప్పలేదు. మా దగ్గరా లేకపోయింది. వంతులు చివరి మడి నుంచి మొదలుపెట్టి ఉంటే ఎట్లా ఉండేదో ఊరు ఆలోచించాలి.

రెండోది పాలు. వల లాగిన వాళ్లలో సంఘం సభ్యులు కొందరే. మిగిలిన వాళ్లు దళితవాడ నుంచి వచ్చిన రోజు కూలీలు. సభ్యునికి చేపలో పాలు, కూలీకి కూలి మాత్రమే. సభ్యత్వానికి కులవృత్తి, ఈత, వల విసరడంలో నైపుణ్య పరీక్ష ఉన్నాయి. వృత్తి మీద బతికేవాళ్ల హక్కును కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ముదిరాజులు, గంగపుత్రులు ఒకరినొకరు దూరం పెట్టుకుంటే లాభపడేది మూడోవాడే. అదే న్యాయం కూలీకీ వర్తిస్తుంది. బురదలో సమానంగా దిగినవానికి గంపలో కొంతైనా పాలు ఉండాలి. తూచేది, కోసేది, అమ్మేది ఆడవాళ్లు. సంఘం కాగితాల్లో వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయి?

మధ్యాహ్నానికి పెద్ద వల ఎత్తేశారు. అప్పటిదాకా కట్ట మీద కాచుకున్న పిల్లలు, ముసలివాళ్లు ఊతలు, చీరకొంగులు పట్టుకొని బురదలోకి దిగారు. మిగిలిన చిన్న చేప ఊరిదని ఇక్కడి కట్టుబాటు. పరకలు, జెల్లలు దొరికాయి. జిలేబి అని మనవాళ్లు పిలిచే తిలాపియా కూడా చాలానే పడింది. 1952లో బయటి దేశం నుంచి మన దేశానికి తెచ్చిన చేప ఇది. చిన్న చెరువుల్లో విపరీతంగా పెరిగి తక్కిన వాటి తిండి తింటుంది. దాన్ని ఎంత పట్టినా మేలే.

ఒక కుర్రవాడికి మూరెడు కొర్రమట్ట చిక్కింది. రాష్ట్ర చేపగా దాన్ని ప్రకటించారు. గాలి నేరుగా పీల్చగలదు గనుక బురదలోనూ బతుకుతుంది. అది చెరువులోనే ఈనుతుంది, పిల్లలను తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. "పెద్దది. ఇడిసిపెట్టు బిడ్డా, వానలకు మంద అయితది" అంది ఒక అవ్వ. కుర్రవాడు దాన్ని చూశాడు, అవ్వను చూశాడు. కాసేపు గుంజాటన పడి మడుగులోకి వదిలాడు. మేము వచ్చేటప్పుడు కూడా వాడి ముఖం చిన్నబోయే ఉంది.

ఆ కట్ట మీద మేము విన్న మాటలే కోర్కెలుగా రాస్తున్నాం. చేపపిల్ల ఆగస్టు, సెప్టెంబరు దాటకుండా రావాలి, ఊరి ముందర లెక్కబెట్టి వదలాలి. వలలకు, ఐసుకు, కాంటాకు సంఘాలకే నేరుగా అప్పివ్వాలి. శికం ఆక్రమణలు తొలగించాలి. నీళ్ల వంతులు, చేపల నీటిమట్టం గ్రామసభలో తేలాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాద మరణానికి 5 లక్షల రూపాయల బీమా పెట్టారు. సంఘాలు సభ్యుల పేర్లన్నీ అందులో ఎక్కించాలి, నీళ్లలో దిగే కూలీ పేరు కూడా ఎక్కించే దారి చూడాలి. నీళ్లలో మునిగినప్పుడు ప్రాణానికి సభ్యత్వం ఉండదు.

సర్కారు చేయాల్సింది సర్కారు చేత చేయించుకోవాలి. కాంటా మాత్రం సంఘమే కొనుక్కోవచ్చు.