ప్రపంచ సమాచార జాలాలు – గ్రామీణ జీవనం: మరిపెడ ప్రాంత అనుభవాలు

సమాచార సాంకేతికత గ్రామీణ సమాజంపై చూపే ప్రభావాన్ని ఫోన్ల సంఖ్యతోనో, అంతర్జాల వేగంతోనో కొలవడం పరిపాటి. అందిన సమాచారం రైతు నిర్ణయాన్ని సకాలంలో మార్చగలిగిందా అన్నదే విస్తరణ శాస్త్రానికి అసలు ప్రమాణం. వరంగల్–ఖమ్మం రహదారిపై ఉన్న మరిపెడ, 2016 జిల్లాల పునర్విభజన వరకు వరంగల్ జిల్లాలో భాగం. నేడు మహబూబాబాద్ జిల్లాలోనిది. మిరప, పత్తి, వరి పండించే ఈ ప్రాంతంలో లంబాడీ తండాలు అధికం. సమాచార జాలాల శక్తి, పరిమితి రెండూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ–సాగు నేర్పిన పాఠం

2004లో హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ 'ఈ–సాగు' పేరిట ఒక ప్రయోగం చేపట్టింది. ఉమ్మడి వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామాలలో 1051 పత్తి క్షేత్రాలను ఎంపిక చేశారు. స్థానిక సమన్వయకర్తలు పొలాలను క్రమం తప్పక సందర్శించి ఛాయాచిత్రాలు తీసేవారు. నాటి అంతర్జాల వేగం చాలనందున వాటిని సీడీలలోకి ఎక్కించి కొరియర్ ద్వారా హైదరాబాద్‌కు పంపేవారు. నిపుణులు పరిశీలించి ఇచ్చిన సలహా అంతర్జాలం ద్వారా గ్రామానికి చేరేది. సమన్వయకర్త దానిని రైతుకు వివరించేవాడు. రైతు అడిగే వరకు వేచి ఉండక, ప్రతి పొలానికీ ప్రత్యేకంగా సలహా ఇవ్వడం ఈ పద్ధతి విశిష్టత. వేగం తక్కువైనా నమ్మదగిన మనిషి మధ్యలో ఉండుట దాని బలం.

సమాచార సమృద్ధి – సందిగ్ధత

నేడు పరిస్థితి తారుమారైంది. 2004లోనే ఆరంభమైన కిసాన్ కాల్ సెంటర్ (1800–180–1551), 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ–నామ్, 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ అరచేతిలోనే ఉన్నాయి. వాటి పక్కనే వాట్సాప్, యూట్యూబ్ సలహాలూ ఉన్నాయి. ఏది పరిశోధన ఫలితమో, ఏది వ్యాపార ప్రకటనో తేల్చుకొనుట రైతుకు కష్టమవుతున్నది.

2021లో మిరపపై విజృంభించిన నల్ల తామర పురుగు ఇందుకు ఉదాహరణ. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగు విషయంలో పలు మందులను కలిపి పదేపదే పిచికారీ చేయడం వలన ఖర్చు పెరిగినదే గాని ఆశించిన ఫలితం దక్కలేదు. నీలిరంగు జిగురు అట్టలు, వేప సంబంధిత మందులతో కూడిన సమగ్ర యాజమాన్యం వైపు రైతును మళ్ళించాలంటే, శాస్త్రీయ సలహా వదంతి కంటే ముందుగా చేరవలసి ఉంటుంది.

ధరల విషయమూ అంతే. విదేశీ గిరాకీ ఎలా ఉన్నదో, ఖమ్మం మార్కెట్లో ధర ఎంతో ఫోన్‌లో తెలుస్తుంది. కానీ అప్పు తీర్చవలసిన రైతుకు శీతల గిడ్డంగి సదుపాయం లేకపోతే ధర తెలిసినా సరుకు ఆపుకొనే శక్తి ఉండదు.

హెచ్చరిక – చివరి మజిలీ

2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచెత్తింది. పురుషోత్తమాయగూడెం వద్ద వరదలో కారు కొట్టుకుపోయి ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి ప్రాణాలు కోల్పోయారు. భారీ వర్ష సూచనలు అప్పటికే వెలువడి ఉన్నాయి. అయితే జిల్లా స్థాయి సూచన, ఫలానా వంతెనపై ఈ గంటలో ప్రయాణించరాదన్న హెచ్చరిక ఒకటి కావు. ఈ అంతరాన్ని పూరించని జాలం ఎంత విశాలమైనా అసంపూర్ణమే.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

• సలహాలను లిఖిత సందేశాలకే పరిమితం చేయక, తెలుగు, లంబాడీ భాషలలో ధ్వని సందేశాలుగా అందించాలి.
• ఫోన్ లేని మహిళా రైతులను, కౌలు రైతులను గుర్తించి రైతు వేదికల ద్వారా చేరుకోవాలి.
• ప్రతి సలహాపై తేదీ, పంట దశ, జారీచేసిన కేంద్రం పేరు ఉండాలి.
• వాగులు, కల్వర్టుల స్థితిని గ్రామస్థులే తెలియజేసే ఏర్పాటును వాతావరణ సూచనలతో అనుసంధానించాలి.

సమాచారం పైనుండి కిందికి ప్రవహించినంత సులభంగా కిందినుండి పైకి కూడా చేరిననాడే ఈ జాలాలు గ్రామానికి నిజంగా ఉపకరిస్తాయి.