మీకు తెలుసా? గట్టు రోడ్డు మలుపులో ఎస్‌యూవీ

గణపవరం చుట్టుపక్కల చాలా రోడ్లు కాలవ గట్ల మీద, కాలవ ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. ఒక పక్క నీళ్ళు, మరో పక్క చేలు, చేపల చెరువులు. ఈ మలుపుల్లో ఎత్తయిన ఎస్‌యూవీ మామూలు కారులా తిరగదు.

● రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె బండి నిలకడకు కొలత. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో కార్లకు ఇది సుమారు 1.3 నుంచి 1.5, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3. అంకె తగ్గేకొద్దీ బోల్తా ముప్పు ఎక్కువ.

● వేగం రెట్టింపయితే మలుపులో పక్కకు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 30 మీటర్ల వ్యాసార్ధమున్న వంపులో గంటకు 40 కిలోమీటర్ల వద్ద ఆ బలం బండి బరువులో సుమారు 40 శాతం. 60 వద్ద 90 శాతం దాటుతుంది.

● పైన క్యారియర్ మీద బస్తాలు వేస్తే గరిమనాభి ఇంకా పైకి పోతుంది.

● ఫోర్ వీల్ డ్రైవ్ బురదలోంచి బండిని లాగుతుంది కానీ మలుపులో టైరు పట్టును పెంచదు. బండి అదుపు తప్పబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టేది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి ఇది తప్పనిసరి.

మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకు ముందే బ్రేకు వేయండి. గట్టు దిగితే కాలవే.