పొగ మన తలరాత కాదు

చలికాలం. తెల్లవారుజాము. వీధి ఇంకా నిద్ర లేవలేదు. కానీ పొగ లేచింది.

వీధి చివర చెత్తకుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. ఎండుటాకులు, ప్లాస్టిక్ సంచులు, చిరిగిన గుడ్డలు, తెగిన చెప్పులు అన్నీ కాలుతున్నాయి. పొగ పైకి పోవడం లేదు. నేలబారుగా పాకుతోంది. గుమ్మాల్లోంచి ఇళ్లలోకి దూరుతోంది.

ఒక ఇంట్లో తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది. కట్టెలు పచ్చిగా ఉన్నాయి. ఊదీ ఊదీ కళ్లు మండుతున్నాయి. లోపల పొయ్యి పొగ. బయట చెత్త పొగ. చంకలో బిడ్డ దగ్గుతోంది. మూలన మంచం మీద అత్తకు ఆయాసం.

“ఏం చేస్తాం? మన తలరాత” అంటారు చాలామంది.

తలరాతను మార్చలేం అంటారు. కానీ ఇది తలరాత కాదు. ఈ పొగకు కారణం ఉంది. దీన్ని ఆపవలసిన వాళ్లు ఉన్నారు. వాళ్లను అడిగే హక్కు మనకు ఉంది.

పొగలో ఏముంది?

పొగలో మసి ఉంటుంది. విష వాయువులు ఉంటాయి. కంటికి కనిపించని సన్నని నలుసులు ఉంటాయి. ఈ నలుసులు ఎంత సన్నం? తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు, అంతకంటే చిన్నవి కూడా.

పెద్ద దుమ్మును మన ముక్కు ఆపేస్తుంది. తుమ్ము వస్తుంది, దుమ్ము బయటికి పోతుంది. సన్నని నలుసులను ముక్కు ఆపలేదు. అవి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. కొన్ని అక్కడి నుంచి నెత్తురులో కలుస్తాయి.

అందుకే పొగ వల్ల దగ్గు ఒక్కటే రాదు. పసిపిల్లలకు న్యుమోనియా వస్తుంది. పెద్దవాళ్లకు ఆయాసం ముదురుతుంది. గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. గర్భిణి రోజూ పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. ఏళ్ల తరబడి పొయ్యి ఊదిన వాళ్ల కళ్లకు శుక్లాలు వచ్చే అవకాశం ఎక్కువ.

ప్లాస్టిక్ కాలిన పొగ మరీ చెడ్డది. కొన్ని రకాల ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ అనే విషం పుడుతుంది. అది క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

2020లో ఇళ్లలోని వంట పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఎవరు? ఆడవాళ్లు, వాళ్ల కొంగు పట్టుకు తిరిగే పిల్లలు.

గాలిని వడకట్టుకోలేం

నీళ్లు బురదగా ఉంటే గుడ్డతో వడకడతాం. కాచి చల్లార్చి తాగుతాం. మరి గాలినో? ఒక మనిషి రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. అంత గాలిని కొంగుతో వడకట్టలేం. ఎవరి గాలి వాళ్లు దాచుకోలేరు కూడా. ఒక ఇంటి పొగ నాలుగిళ్లకు పోతుంది. ఒక వీధి పొగ ఊరంతా పోతుంది.

చలికాలంలో ఇది ఇంకా ఎక్కువ. రాత్రి నేల చల్లబడుతుంది. నేలను అంటి ఉన్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దాని పైన వెచ్చని గాలి ఉంటుంది. కుండ మీద మూత పెట్టినట్టు ఉంటుంది. పొగ పైకి పోలేక కిందే తిరుగుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కితేనే ఆ మూత తొలగుతుంది.

ఆ మూత రోజుల తరబడి తొలగకపోతే ఏమవుతుంది? చాలా ఏళ్ల కింద ఒక పెద్ద నగరం ఆ కష్టం పడింది.

లండన్ నగరం కథ

లండన్ ఇంగ్లండు దేశానికి రాజధాని. అక్కడ చలి ఎక్కువ. ఆ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లో చలి కాచుకునే పొయ్యి ఉండేది. అందులో రాక్షసిబొగ్గు కాల్చేవారు. ఫ్యాక్టరీల్లో, కరెంటు తయారు చేసే కేంద్రాల్లో కూడా బొగ్గే.

1952 డిసెంబరు 5న నగరం మీద దట్టమైన పొగమంచు కమ్మింది. గాలి కదల్లేదు. చలికి జనం ఇంకా ఎక్కువ బొగ్గు కాల్చారు. పొగ మీద పొగ చేరింది. పట్టపగలు చీకటి. ఎదుటి మనిషి కనిపించలేదు. బస్సు ముందు కండక్టరు దివిటీ పట్టుకు నడవాల్సి వచ్చింది. డిసెంబరు 9 దాకా, అయిదు రోజులు ఇదే పరిస్థితి.

ఆస్పత్రులు నిండిపోయాయి. నాలుగు వేల మంది చనిపోయారని మొదట లెక్క తేలింది. ఆ తర్వాతి నెలల్లో పోయిన వాళ్లను కూడా కలిపితే 12 వేల దాకా ఉంటారని తర్వాత పరిశోధకులు అంచనా వేశారు. చనిపోయిన వాళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఎక్కువ.

ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. జలుబు జ్వరాలు ఎక్కువయ్యాయి, అందుకే ఇన్ని చావులు అంది. జనం ఊరుకోలేదు. పత్రికలు, సభ్యులు గట్టిగా అడిగారు. చివరకు 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది.

ఆ చట్టంలో గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. పని చేసే అధికారం స్థానిక పాలక సంస్థలకు ఇచ్చారు. అంటే మన మునిసిపాలిటీల వంటి వాటికి. ఏ పేటలో పొగ రాకూడదో అవే ప్రకటించవచ్చు. ఆ పేటలో పొగ వచ్చే బొగ్గు కాల్చకూడదు. మరి పేదవాళ్లు కొత్త పొయ్యి ఎలా పెట్టుకుంటారు? పాత పొయ్యి మార్చుకునే ఖర్చులో పదింటికి ఏడు వంతులు స్థానిక సంస్థ తిరిగి ఇచ్చేది. అందులో కొంత పై ప్రభుత్వం భరించేది.

వట్టి “కాల్చవద్దు” అని చెప్పి ఊరుకోలేదు. కాల్చకుండా బతికే దారి కూడా చూపారు. అందుకే ఆ చట్టం నడిచింది.

ఫలితం ఒక్క రోజులో రాలేదు. 1962లో మళ్లీ అలాంటి పొగమంచు కమ్మి వందల మంది చనిపోయారు. కానీ పేట తర్వాత పేట పొయ్యిలు మారాయి. రాక్షసిబొగ్గు పొగ తగ్గింది.

మన దగ్గర ఎవరు చెయ్యాలి?

ఊళ్లో గ్రామ పంచాయతీ. పట్నంలో మునిసిపాలిటీ లేదా నగరపాలక సంస్థ. 1993లో అమలుకు వచ్చిన రాజ్యాంగ సవరణలు వీటికి బలం ఇచ్చాయి. ఆరోగ్యం, పారిశుధ్యం వీటి పనుల పట్టికలో ఉన్నాయి. చెత్త ఎత్తించడం సర్పంచ్ చేసే ఉపకారం కాదు. అది పంచాయతీ పని.

చెత్త కాల్చడం గురించి కూడా ఆదేశం ఉంది. 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ఇది పర్యావరణం కేసులు చూసే న్యాయస్థానం. ఆరుబయట చెత్త కాల్చకూడదని చెప్పింది. కాలిస్తే 5,000 రూపాయలు జరిమానా. పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి చెడిన పట్నాలను ఇందులో చేర్చారు. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, హైదరాబాదు, నల్లగొండ వాటిలో ఉన్నాయి. రోడ్ల మీద దుమ్ము తగ్గించడం, చెత్త కాల్చకుండా చూడడం, చెట్లు పెంచడం, గాలిని కొలిచే యంత్రాలు పెట్టడం ఇందులో పనులు.

చెత్తలో పొగ లేకుండా చేసిన ఊరు

లండన్ చాలా దూరం. సూర్యాపేట దగ్గర. సుమారు లక్ష జనాభా ఉన్న ఈ పట్నం 2003 ప్రాంతంలో దేశమంతా పేరు తెచ్చుకుంది. అక్కడ మునిసిపాలిటీ ఇంటింటికీ ట్రాక్టరు పంపింది. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఒక బుట్టలో వెయ్యమని చెప్పింది. కూరగాయల తొక్కులు, మిగిలిన అన్నం ఎరువు అయ్యాయి. కాగితాలు, ప్లాస్టిక్, ఇనుము అమ్మితే మునిసిపాలిటీకి డబ్బు వచ్చింది. వీధుల్లో చెత్తకుండీలే తీసేశారు.

ఇందులో గాలి సంగతి ఏముంది? చాలా ఉంది. తడి చెత్త ఎరువుకు పోయింది. పొడి చెత్త అమ్మకానికి పోయింది. ఇంక కాల్చడానికి కుప్ప ఎక్కడిది? కుప్ప లేని చోట పొగ ఉండదు.

పల్లెల్లో కూడా ఇలాంటి ఏర్పాట్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద తయారుచేసే షెడ్లు కట్టారు. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టర్లు ఇచ్చారు. షెడ్డు కట్టినంత మాత్రాన చాలదు. అందులో పని జరగాలి. ట్రాక్టరు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడితే లాభం లేదు. అది వీధిలోకి రావాలి.

నిప్పు పెట్టిన మనిషిదేనా తప్పు?

చాలాచోట్ల కుప్పకు నిప్పు పెట్టేది వీధులు ఊడ్చే పనిమనిషే. ఆమెను నాలుగు తిట్టి పంపడం సులువు. కానీ ఒక్క మాట ఆలోచించాలి. ఆమెకు బండి ఇచ్చారా? ఎత్తిన చెత్త వెయ్యడానికి చోటు చూపించారా? చేతులకు తొడుగులు ఇచ్చారా? ఏమీ ఇవ్వకుండా “వీధి శుభ్రంగా ఉండాలి” అంటే ఆమె ఏం చేస్తుంది? కుప్ప చేసి నిప్పు పెడుతుంది. ఆ పొగను అందరికంటే ముందు పీల్చేది ఆమే. కాబట్టి అడగాల్సింది ఆమెను కాదు, ఆఫీసును.

మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. దోమలు పోతాయని ఆకులు కాలుస్తాం. వాటిలో ప్లాస్టిక్ సంచి కలిసిపోతుంది. ఆకులను గుంటలో వేస్తే మొక్కలకు ఎరువు అవుతాయి. దోమలు పోవాలంటే మురుగు నిలవకూడదు. అదీ పంచాయతీ పనే.

ఇక వంట పొయ్యి. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. కానీ బండ అయిపోతే డబ్బు లేక మళ్లీ కట్టెలు ఎగదోసే ఇళ్లు చాలా ఉన్నాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇచ్చే పథకం, తెలంగాణలో 500 రూపాయలకు బండ ఇచ్చే పథకం మొదలయ్యాయి. అర్హత ఉండీ అందని వాళ్ల పేర్లు గ్రామసభలో చెప్పాలి. కట్టెలే దిక్కయితే కట్టెలు బాగా ఎండబెట్టాలి. పొయ్యి పైన పొగగొట్టం పెట్టాలి. చంటిబిడ్డను పొయ్యి దగ్గర ఉంచకూడదు.

ఎలా అడగాలి?

నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీది మాట ఆఫీసులో ఉంటుంది. వీధి ఆడవాళ్లు కలిసి ఇలా రాయవచ్చు:

గ్రామ సర్పంచ్ గారికి,
మా వీధి చివర చెత్తను తరచుగా కాలుస్తున్నారు. ఆ పొగతో పిల్లలకు దగ్గు, పెద్దలకు ఆయాసం వస్తున్నాయి. చెత్త కాల్చడం ఆపించాలి. రోజూ చెత్త తీసుకుపోయే బండి మా వీధికి పంపాలి. ఊడ్చే వారికి కావలసిన సామాను ఇవ్వాలి. ఈ విషయం గ్రామసభలో చర్చించాలని కోరుతున్నాం.
ఇట్లు,
వీధి మహిళలు.

కింద అందరూ సంతకాలు చెయ్యాలి. తేదీ వెయ్యాలి. రెండు కాగితాలు రాయాలి. ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. రెండో దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచుకోవాలి. పట్నంలో అయితే మునిసిపల్ కమిషనరుకు రాయాలి. జవాబు రాకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాలి.

ఒక్కరు వెళితే “చూద్దాంలే అమ్మా” అంటారు. ఇరవై మంది వెళితే కుర్చీలు వేస్తారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వీధిలో చెత్త ఎక్కడికి పోతోంది? ఎప్పుడైనా వెళ్లి చూశారా?
2. మీ పంచాయతీకి చెత్త బండి ఉందా? అది మీ వీధికి వారానికి ఎన్నిసార్లు వస్తోంది?
3. మీ ఇంట్లో దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు ఎవరు? వాళ్లు ఎక్కువ సేపు ఎక్కడ కూర్చుంటారు?
4. పైన ఉన్న అర్జీలో మీ వీధి కోసం ఏ మాట చేర్చాలి?