గుల్లలో రాసింది చలా, మంచా?

నడిసముద్రం అడుగు నుంచి తీసిన బురదను 63 మైక్రాన్ల జల్లెడలో పోసి నీళ్లు కొడితే మట్టంతా జారిపోతుంది. మిగిలింది ఆరబెడితే బొంబాయి రవ్వే అనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పలుకు పలుకూ ఒక గుల్ల. గది పక్కన గది కట్టుకుంటూ పెరిగే ఏకకణ జీవి ఇల్లది. పేరు ఫొరామినిఫెరా. విశాఖలో నా దగ్గరికొచ్చే విద్యార్థులకు నేను మొదట నేర్పేది వీటిని ఏరడమే. సన్న కుంచె కొస తడిపి, ఒక్కొక్క గుల్లనే అంటించి నల్లటి పళ్లెంలోకి చేర్చాలి. మెడనొప్పి ఖాయం. ఆ సమయంలో ఎవరైనా తుమ్మారో, పొద్దుటి నుంచి ఏరిందంతా గాలిపాలే!

ఇంత అవస్థ ఆక్సిజన్ కోసం. గుల్ల కాల్షియం కార్బొనేట్. దానిలోని ఆక్సిజన్ సముద్రపు నీటి నుంచి వచ్చిందే. ఆ ఆక్సిజన్‌లో తేలికైన 16 రకమే దాదాపు అంతా. బరువైన 18 రకం సుమారు 500 పరమాణువులకు ఒకటి. నీళ్లు చల్లబడేకొద్దీ గుల్లలో 18 వాటా పిసరంత పెరుగుతుందని 1947లో హెరాల్డ్ యూరీ చెప్పాడు. ఆ సూత్రం పట్టుకుని చెజారే ఎమిలియానీ కరీబియన్ బురదలోని గుల్లల్ని కొలిచి, 1955లో పాత ఉష్ణోగ్రతల పట్టీ తయారుచేశాడు. ఆల్ప్స్ లోయలు చూసి మంచుయుగాలు నాలుగేనని అప్పటిదాకా చెప్పుకునేవారు. గుల్లలు అంతకన్నా ఎక్కువే చూపించాయి.

కానీ ఇందులో ఒక పేచీ ఉంది. ఆవిరయ్యేటప్పుడు తేలికైన 16 ముందు లేస్తుంది. మామూలు రోజుల్లో వానై, నదై మళ్లీ సముద్రానికే చేరుతుంది. మంచుయుగంలో అలా చేరలేదు, ఉత్తర అమెరికా మీదా ఐరోపా మీదా మంచుగడ్డై కూర్చుంది. సముద్రంలో 18 వాటా పెరిగింది. చలి పెరిగినా, నేల మీద మంచు పెరిగినా గుల్లలో పడే గుర్తు ఒకటే! ఎక్కువ పాలు చలిదేనన్నాడు ఎమిలియానీ.

1967లో నికొలస్ షాకిల్టన్ వేసిన ఎత్తు నాకెప్పుడూ ముచ్చటే. పైనీటిలో తేలే ఫొరామినిఫెరాతో పాటు అడుగు బురదలో బతికే వాటినీ కొలిచాడు. రెండింటిలోనూ మార్పు ఇంచుమించు ఒకే మోతాదు. లోతునీరు ఇప్పటికే ఒకటి రెండు డిగ్రీల దగ్గరుంది, ఇక ఎంతని చల్లబడుతుంది? కాబట్టి ఆ మార్పులో పెద్దవాటా మంచుదే. ఉష్ణమాపకం అనుకున్నది సముద్రమట్టాన్ని కొలిచే బద్ద అయింది. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రం నేటికంటే 120 మీటర్లకు పైగా కిందికి దిగింది. అప్పటి విశాఖ తీరం మన బీచ్ రోడ్డుకు పదుల కిలోమీటర్ల అవతల ఉండేది.

బంగాళాఖాతంలో మూడో చిక్కు కూడా ఉంది. గంగ, మహానది, గోదావరి తెచ్చిపోసే మంచినీటిలో 18 తక్కువ. వరదలు ఎక్కువైతే గుల్లలో ఆ లెక్కా కలుస్తుంది. అందుకే అదే గుల్లలో మెగ్నీషియం కూడా కొలుస్తాం. నీరు వెచ్చనైతే అది పెరుగుతుంది గనుక ఉష్ణోగ్రత విడిగా తెలుస్తుంది. ప్రపంచపు మంచు లెక్క ఇతర సముద్రాల నుంచి తెచ్చుకుంటాం. రెండూ తీసేస్తే మిగిలేది నదీజలాల పాలు, అంటే రుతుపవనాల జాడ. 2014–15లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ బంగాళాఖాతంలో, మహానది ఎదుట కూడా, అడుగు తవ్వి బురద తీసింది అందుకే.