గిటారుకూ వడదెబ్బ

పాతదైనా కొత్తదైనా సరే, నోయిడా వాతావరణంలో అకౌస్టిక్ గిటార్‌ను కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరో ఎత్తు

మే నెల మధ్యాహ్నం నోయిడా అపార్ట్‌మెంట్లో గోడకు తగిలించిన గిటార్, ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కోసారి 'టప్' మంటుంది. తీగ తెగిందేమోనని చూస్తే ఆరు తీగలూ ఉంటాయి. తెగింది తీగ కాదు, చీలింది పైపలక. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఏళ్ల తరబడి సముద్రపు గాలికి అలవాటు పడ్డ వాయిద్యాన్ని, ఉద్యోగం బదిలీ కాగానే సామాన్లతో పాటు రైలెక్కించి ఇక్కడికి తెచ్చుకునే తెలుగు ఇంజినీర్లకు ఈ చప్పుడు కొత్త పాఠం. విశాఖలో వాళ్ల బాధ వేరు. అక్కడ తీగలు తుప్పు పట్టేవి. తీగలదేముంది, కొన్ని వందల రూపాయలతో మార్చుకోవచ్చు. పలకను మార్చుకోలేం.

కారణం చిన్నదే. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ తగ్గితే కుంచించుకుపోతుంది. అదీ చారల వెంట కాదు, చారలకు అడ్డంగా. గిటార్ పైపలక మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. దాని మీద ఆరు ఉక్కు తీగలు కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదని తయారీదారులు చెబుతారు. ఢిల్లీ పరిసరాల్లో లూ వీచే రోజుల్లో అది 20 శాతం దరిదాపులకు పడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో 80 దాటిపోతుంది. అంటే ఏడాదిలో చాలా రోజులు గిటార్ ఈ కొసనో ఆ కొసనో ఉంటుంది తప్ప మధ్యలో ఉండదు. చలికాలంలో రూమ్ హీటర్ పెట్టారంటే మళ్లీ ఎండాకాలమే.

ఎండిపోతున్న గిటార్ చీలడానికి ముందే కబురు చెబుతుంది. మెడ అంచున చెయ్యి జారిస్తే ఫ్రెట్ కొసలు గీసుకుంటాయి. చెక్క కుంచించుకుపోయినా లోహం కుంచించుకోదు కదా. పైపలక కాస్త లోపలికి దిగి, తీగలు మెడకు మరీ దగ్గరై గరగరలాడతాయి. వానాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: పలక ఉబ్బి, తీగలు పైకి లేచి, నొక్కేసరికి వేళ్లు నొప్పి పుడతాయి. గిటార్ పాడైపోయిందనుకుని అమ్మేసేవాళ్లున్నారు. నెల రోజులు ఆగితే చాలా మటుకు అదే సర్దుకుంటుంది.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. తేమను కొలిచే చిన్న మీటర్ కొన్ని వందలకు దొరుకుతుంది. గోడకు తగిలించే మోజు మానుకుని వాయిద్యాన్ని గట్టి పెట్టెలో పెట్టడం మొదటి పని. వేసవిలో చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి ఆ పెట్టెలో ఉంచితే చాలు. వానల్లో దాన్ని తీసేసి సిలికా జెల్ పొట్లాలు వేయాలి. ఎయిర్ కూలర్‌కు ఎదురుగా గిటార్ పెట్టడం మాత్రం ఎండలో పెట్టడం కన్నా మేలేమీ కాదు. రాత్రంతా తడిగాలి, పగలంతా పొడిగాలి అయితే అతుకులకు ఊపిరాడదు. అన్నిటికన్నా ప్రమాదం కారు డిక్కీ. మే నెలలో అక్కడి వేడికి బ్రిడ్జిని పట్టి ఉంచిన జిగురు మెత్తబడుతుంది, 70 కిలోల లాగుడు మిగతా పని కానిస్తుంది. వీణ ఉన్న ఇళ్లవాళ్లకు ఇదంతా వింతగా ఉండదు. మెట్లు నిలబెట్టిన మైనం ఎండకు మెత్తబడుతుందని వీణను నీడపట్టున ఉంచడం వాళ్లకు అలవాటే.

దరియాగంజ్‌లో బేరం

కొనేటప్పుడు మొదట తేల్చుకోవలసింది బ్రాండ్ కాదు, చెక్క. పైపలక ప్లైవుడ్ తరహాలో పొరలు అతికించిందా, లేక ఒకే మందాన కోసిన అసలు చెక్కా? శబ్దరంధ్రం అంచున చూస్తే చాలా వాటిలో తెలిసిపోతుంది: పై చారలు అంచు మీదుగా లోపలికి కొనసాగితే అసలు చెక్క, మధ్యలో మరో పొర గీతలా కనిపిస్తే అతుకుల పలక. అసలు చెక్క ఏళ్లు గడిచేకొద్దీ ధ్వని తేరుతుందని వాయించేవాళ్లు చెప్పే మాటలో నిజముంది. కానీ చీలేదీ అదే. ఇంట్లో ఎవరూ తేమ సంగతి పట్టించుకోరనుకుంటే అతుకుల పలక కొనడంలో చిన్నతనమేమీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతుల్లో కనిపించే యమహా ఎఫ్310 ఆ రకందే. ఇప్పుడు చెన్నై సమీపంలోని యమహా కర్మాగారంలోనూ గిటార్లు తయారవుతున్నాయి. గ్రేటర్ నోయిడాలోని సూరజ్‌పూర్ వాసులకు యమహా అంటే మోటార్ సైకిలే. ఆ బండి ట్యాంకు మీది ముద్రలో ఉన్నవి శ్రుతి సరిచూసే మూడు ట్యూనింగ్ ఫోర్కులని, 1887లో ఒక హార్మోనియం తరహా ఆర్గన్‌ను బాగుచేయడంతో ఆ సంస్థ కథ మొదలైందని ఎందరికి గుర్తుంటుంది?

దరియాగంజ్ వాయిద్యాల దుకాణాల్లో బేరమాడినా, పాతది ఎవరింట్లోనో చూసినా, తలుపులు మూసే ముందు చేయవలసిన పరీక్షలు మూడు నాలుగే. తల వైపు నుంచి మెడను బాణం చూసినట్టు చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటే హాయిగా వాయించవచ్చు. నాలుగు దాటితే అనుమానించాలి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతుందా చూడాలి. తీగలు ఆనే తెల్లటి శాడిల్‌ను ఇప్పటికే బాగా అరగదీసి ఉంటే, ఎత్తు తగ్గించే దారులు అయిపోయాయన్నమాట. ఇక మిగిలింది మెడను ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ అతికించడం. మామూలు గిటారుకు ఆ ఖర్చు దాని ధరనే మించవచ్చు.

'వింటేజ్' అన్న మాట దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. కోల్‌కతాలో తయారయ్యే గివ్‌సన్‌కూ అమెరికా గిబ్సన్‌కూ తేడా ఒక్క అక్షరమే, ధరలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత. వయసు ఒక్కటే విలువ తేదు. 1833లో మొదలైన మార్టిన్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, 1933-42 మధ్య చేసిన డి-45లు 91 మాత్రమే. అందుకే వాటికి ఆ ధర. ఇక కర్ట్ కొబేన్ 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో వాయించిన 1959 నాటి మార్టిన్ డి-18ఇ 2020లో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది చెక్క ధర కాదు, చేతి ధర. పాత మార్టిన్‌లలో ఇంకో ఇబ్బంది ఉంది: 1985కు ముందు వాటి మెడలో బిగించి సరిచేసుకునే కడ్డీ ఉండేది కాదు. మెడ వంగితే మరతో తిప్పి సరిచేసే వీల్లేదు.

మన ఇరుగుడు, వాళ్ల గిటార్

ఖరీదైన గిటార్ల వెనక పలక, పక్క పలకలు చాలా వాటిలో రోజ్‌వుడ్‌వే. 1969 దాకా మార్టిన్ వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. దుంగల ఎగుమతిని బ్రెజిల్ ఆపేయడంతో ఆ సంస్థ భారత రోజ్‌వుడ్‌కు మళ్లింది. తెలుగులో దాన్నే ఇరుగుడు, జిట్రేగి అంటారు. అంటే నోయిడాలో ఎవరైనా అమెరికా గిటార్ కొని సుంకాలూ పన్నులూ కడుతుంటే, తరచు పశ్చిమ కనుమల చెట్టే పెన్సిల్వేనియా దాకా వెళ్లి తిరిగొస్తోందన్నమాట. బొబ్బిలి వీణకు పనస దొరికింది కాబట్టి ఆ తిప్పలు తప్పాయి.

ఈ చెక్క మీద తగాదాలూ తక్కువేం కాదు. 2011 ఆగస్టులో అమెరికా ఫెడరల్ అధికారులు గిబ్సన్ కర్మాగారాల మీద దాడి చేసి భారత్ నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కను పట్టుకెళ్లారు. ఫ్రెట్ పలకల కోసం కోసిన ముక్కల ఎగుమతి భారత చట్టం ప్రకారం చెల్లుతుందా లేదా అన్నదే పేచీ. 2012 ఒప్పందంలో గిబ్సన్ మడగాస్కర్ ఎబొనీ విషయంలో మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టింది. భారత చట్టంలో స్పష్టత లేదని ఒప్పుకుని మన చెక్కను మాత్రం తిరిగిచ్చేశారు. అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ కుటుంబాన్నంతటినీ ఆంక్షల కిందికి తెచ్చింది. షీషం కూడా అందులోదే కావడంతో ఉత్తరప్రదేశ్ హస్తకళల ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. తయారైన వాయిద్యాలకు 2019 నవంబర్ 26 నుంచి మినహాయింపు దొరికింది.

బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు. అది 1992 నుంచీ అత్యంత కఠినమైన మొదటి జాబితాలోనే ఉంది. విదేశంలో ఉన్న బంధువు 1960ల నాటి మార్టిన్ చవగ్గా దొరికిందని ఫోన్ చేస్తే, ధ్వని ఎలా ఉందని అడిగే ముందు చెక్క ఏదో, పత్రాలున్నాయో లేదో అడగడం మంచిది. అవి లేకుండా విమానాశ్రయంలో దిగితే గిటార్ కస్టమ్స్ వారి దగ్గరే ఆగిపోవచ్చు.